ఏడో వారం పాఠం

తాళాల సార్ తన గదిలోకి అడుగుపెట్టేసరికి తన కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. పైగా తన మార్కరుతో తన బోర్డు మీద ఏదో రాసి పెట్టింది.

"మొదటి రోజు, మొదటి గంట: మీ మూడ్ స్కోర్ ఎంతో మీరే కనుక్కోండి!"

పక్కన ఒక నవ్వే బొమ్మ.

అతను డస్టర్ అందుకుని మొత్తం తుడిచేశాడు.

"అయ్యో, కనీసం బొమ్మనైనా వదిలేయాల్సింది సార్. పాపం, అదేం చేసింది?"

"తాళం వేసి వెళ్లాను. మీరు లోపలికెలా వచ్చారు?"

"ఆఫీసులో ఇంకో తాళంచెవి ఉంది. మీకు తెలీదా?"

తెలీదు. ఆరేళ్లుగా ఆ గది తాళంచెవి తన దగ్గర తప్ప లోకంలో ఇంకెక్కడా లేదనుకుంటూ బతుకుతున్నాడు పెద్దమనిషి.

ఆ కాలేజీలో సైకాలజీ ప్రాక్టికల్స్ అతనివే. ప్రశ్నపత్రాలు, పరీక్షల కిట్లు, పిల్లలు నింపిన షీట్లు, అన్నీ నాలుగు బీరువాల్లో ఉంటాయి. నాలుగింటికీ తాళాలుంటాయి. ఆ గుత్తి నడుముకి వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. ఆమె వారం క్రితమే కాంట్రాక్టు మీద చేరిన లెక్చరర్. చేరిన మూడో రోజుకే ఆఫీసు వాళ్లు ఆమెకు గాలివాన అని పేరు పెట్టేశారు. ఆ వారం రోజులూ సెలవులో ఉన్నాడు గనుక ఆ గాలి ఇతనికి ఇంకా తగల్లేదు.

"హెడ్ మేడం చెప్పారు," అందామె, కుర్చీలోంచి లేవకుండానే. "సైకాలజీ మెయిన్‌గా తీసుకుని కొత్తగా చేరే పిల్లలకి ఆరు రోజుల ఓరియెంటేషన్ కోర్సు. మనిద్దరం తయారుచేయాలి. ఆరు వారాల టైముంది."

"అలాగే. అది నా కుర్చీ."

"తెలుసు. కుర్చీకి తగిలించిన మీ స్వెటర్ చెప్పింది. మీకంటే అదే మర్యాదగా మాట్లాడింది."

అతను నవ్వలేదు. నవ్వు రాక కాదు. ఏడాదిగా నవ్వడం మానేశాడు, అంతే.

కారణం అతని సొరుగులో ఉంది. ఆ సొరుగులో రెండు కాగితాలున్నాయి. ఒకటి రాజీనామా ఉత్తరం. ఓరియెంటేషన్ మొదలయ్యే రోజు తేదీ వేసి, సంతకం కూడా పెట్టేశాడు. రెండోది ఒక అమ్మాయి నింపిన ప్రాక్టికల్ షీట్. ఆ అమ్మాయి పోయినేడు మొదటి సంవత్సరంలో చేరింది. ప్రాక్టికల్‌కి ఎవరు పెన్సిల్ మర్చిపోయినా ఇద్దామని డజను పెన్సిళ్లు చెక్కి తెచ్చేది. అయిదో వారంలో తన ప్రాణం తనే తీసుకుంది.

కొత్త కోర్సు ఎందుకో కాలేజీలో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. సర్క్యులర్‌లో మాత్రం విద్యార్థుల సంక్షేమం దృష్ట్యా అని రాశారు.

*

పని మొదలైంది. పనితో పాటే పోట్లాటా మొదలైంది.

"మొదటి గంటలో ఇది చెప్పాలి సార్. సైకాలజీ చదువుతున్నానని ఎవరితో అన్నా, 'అయితే నా మనసులో ఏముందో చెప్పు' అంటారు. దానికేం జవాబివ్వాలి?"

"తెలీదని."

"అంతేనా?"

"నిజం అంతే కదా మేడం."

"రెండో నెలకల్లా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో జబ్బు అంటగడతారు. దానికో గంట. నేనైతే మా నాన్నకి ఏకంగా మూడు అంటగట్టాను."

"తగ్గాయా?"

"ఆయనకి తగ్గలేదు. నాకు పాకెట్ మనీ తగ్గింది."

అతని పెదవి కొసన ఏదో కదిలింది. గాలివాన దాన్ని పట్టేసింది. "అదిగో! వచ్చింది, వచ్చి వెళ్లిపోయింది. ఏం ఫర్లేదు, ఆరు వారాలుందిగా."

రెండో రోజు లైబ్రరీ, మూడో రోజు ల్యాబ్, నాలుగో రోజు ఎదుటివాళ్ల రహస్యం ఎలా కాపాడాలో, ఇలా ఒక్కోటే కుదురుతూ వచ్చాయి. మొదటి రోజు దగ్గరే బండి ఆగిపోయేది. ఆమె ప్రతి ముసాయిదాలోనూ మూడ్ స్కోర్ షీట్ పెట్టేది. అతను ప్రతిసారీ ఎర్రసిరాతో కొట్టేసేవాడు.

"ఎందుకో చెప్పండి సార్."

"వద్దు."

"వద్దు అనేది కారణం కాదు."

"నాకు అదే కారణం."

"మీ బీరువాల కన్నా మీరే గట్టిగా మూసుకుని ఉన్నారండీ," అని విసురుగా వెళ్లిపోయేది. పావుగంటకల్లా రెండు టీలతో తిరిగొచ్చేది. కోపం ఆమెకు టీ చల్లారేంత సేపు కూడా నిలవదు.

అతను ఇంటికి నడిచే వెళ్తాడు. రెండు కిలోమీటర్లు. ఎండైనా వానైనా. ఇంట్లో అక్క రోజూ గొడవ పెట్టుకునేది, ఆ బురద బూట్లు గుమ్మం బయటే విడవరా అని. కాలేజీ ముందే బస్సు ఆగుతుంటే ఈ నడకేమిటని ఆవిడా అడిగి అడిగి విసిగిపోయింది.

మూడో వారంలో ఒక సాయంత్రం కుండపోతగా వాన. గేటు దాటి తలొంచుకుని నడుస్తున్నాడు. వెనకనుంచి గొడుగు పరిగెత్తుకొచ్చింది.

"సార్! బస్సు మీద అలిగారా?"

"నడక ఒంటికి మంచిది."

"వానలో నడిస్తే జలుబు చేస్తుంది. రేపు తుమ్ముతూ నా ముసాయిదా కొట్టేస్తారు, ఇంకా చిరాకు. పదండి."

అతను వద్దంటున్నా వినకుండా చొక్కా చెయ్యి పట్టుకుని లాగి, అప్పుడే వచ్చి ఆగిన బస్సు ఎక్కించేసింది. తన చెయ్యి అతని చేతి మీద ఉందని ఆమెకు ఎక్కాకే తెలిసి, గభాలున వదిలేసింది. ఇంకో రోజైతే అతనికి ఆ సాయంత్రమంతా అదే గుర్తుండేది.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. నెరిసిన మీసం, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా.

"సార్! ఎన్నాళ్లయిందండీ మిమ్మల్ని చూసి! మా అమ్మాయి ఎప్పుడూ మీ మాటే చెప్పేది. మా సార్ దగ్గర ఒక్క కాగితం కూడా పోదు నాన్నా అనేది."

తాళాల సార్ తర్వాతి స్టాపులో దిగేశాడు. అది అతని స్టాపు కాదు. ఆమెదీ కాదు. అయినా ఆమె కూడా దిగింది.

*

మూసి ఉన్న చెప్పుల షాపు చూరు కింద నిలబడ్డారు. గొడుగు వేయడం ఇద్దరూ మర్చిపోయారు.

"ఆయన..." అంది ఆమె.

"ఆ పిల్ల నాన్న."

అప్పుడు చెప్పాడు. ఏడాదిగా గొంతులో ఇరుక్కున్నది ముక్కలు ముక్కలుగా వచ్చింది.

మొదటి సంవత్సరం పిల్లలకు రెండో వారంలో ఒక షీట్ ఇస్తారు. ఇరవై ప్రశ్నలు. దిగులు, నిద్ర, ఆశ, ఇలాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా అంకె చుట్టాలి. షీటు మీద పేరుండదు, కోడ్ నంబరుంటుంది. ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితా కవర్లో పెట్టి సీలు చేసి అతని దగ్గర ఉంచుతారు. మార్కులెలా వేయాలనే పాఠం ఏడో వారంలో వస్తుంది. పిల్లలే వేసుకోవాలి, అదే ప్రాక్టికల్. అప్పటిదాకా షీట్లు బీరువాలో ఉంటాయి. ఎవరూ చూడరు. అక్కడ అందరూ చేసేది అదే, అతనికి ముందున్నవాళ్లూ అదే చేశారు.

"ఏడో వారం బీరువా తీశాను మేడం. ఒక షీటు మిగిలింది, కవరు విప్పి చూస్తే ఆ పిల్లది. అప్పటికి ఆ పిల్ల పోయి పదిహేను రోజులు."

మర్నాడు పొద్దున ఆ షీటు ఆమె ముందు పెట్టాడు. ఆమె చదివింది. ఇరవై ప్రశ్నల్లో పదిహేడింటికి మూడు చుట్టి ఉంది. పెన్సిల్ బాగా చెక్కినది కాబోలు, చుట్టిన గీతలు సన్నగా, అందంగా ఉన్నాయి. చివర 'ఇంకేమైనా చెప్పాలనుకుంటే' అని ఒక ఖాళీ గీత ఉంటుంది. దాని మీద గుండ్రటి అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం.

"దీన్ని నిజంగా ఎవరైనా చదువుతారా?"

గాలివాన కళ్లు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. తీసి ఉన్న సొరుగులో మిగిలిన కాగితం అప్పుడే ఆమె కంటపడింది. అదీ తీసి చదివింది.

"వాళ్ల నాన్నకి ఈ షీటు సంగతి తెలుసా?"

"తెలీదు. హెడ్ మేడంకి చెప్పాను. అది ప్రాక్టీస్ షీటు, కాలేజీ పేరు పోతుంది, ఎవరికీ చూపించొద్దన్నారు."

"మీరు తాళం వేసేశారు."

"అవును."

"ఇప్పుడు రాజీనామా. భలే ఉంది సార్. అరవై మంది కొత్త పిల్లలొస్తారు. ఇంకెవరో షీట్లు పంచుతారు. ఏడో వారం దాకా బీరువాలో పెడతారు. మళ్లీ అంతా అలాగే జరుగుతుంది, కాకపోతే చూడటానికి మీరుండరు. మీకు ఎంత హాయి!"

"మీకు తెలీదు మేడం, ఏడాదిగా నేను..."

"నాకు తెలీదు. నిజమే. కానీ నాకు చెప్తే ఏం లాభం? చెప్పాల్సిన మనిషి రోజూ మీ గేటు ముందే బస్సాపుతున్నాడు. ఆయన్ని తప్పించుకోడానికి మీరు వానలో నడుస్తున్నారు."

ఆ మాట సూటిగా తగిలింది. అతను కిటికీ వైపు తిరిగాడు. ఆమె వెళ్లిపోయింది. పావుగంట గడిచింది, గంట గడిచింది. టీ రాలేదు.

రెండు రోజులు ఆమె ఆ గదివైపు రాలేదు. స్టాఫ్‌రూములోనే కూర్చుని పని చేసుకుంది. తాళాల సార్ ఎదురుగా ఖాళీ కుర్చీ పెట్టుకుని, తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తాడు. తనకు నిశ్శబ్దం ఇష్టమని ఇన్నేళ్లూ తనకు తనే అబద్ధం చెప్పుకున్నాడని ఆ రెండు రోజుల్లో తేలిపోయింది. ఆమె అంటే ఇష్టమనీ తేలిపోయింది. ఆ ఇష్టాన్ని నోరు తెరిచి చెప్పే అర్హత ఇంకా రాలేదని కూడా అతనికి తెలుసు.

*

మూడో రోజు మధ్యాహ్నం డిపోకి వెళ్లాడు.

డ్రైవరు పాత గుడ్డతో బస్సు ముందద్దం తుడుస్తున్నాడు. ఇతన్ని చూసి మెట్టు మీద కాస్త జరిగి చోటిచ్చాడు. తాళాల సార్ కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పి, షీటు చేతికిచ్చాడు.

ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"దాని రాతే."

"నేను చదవలేదండీ. చదవాల్సినవాణ్ణి నేనే. నా కుర్చీకి అయిదు గజాల దూరంలో బీరువాలో ఉంది."

డిపోలో ఏదో బస్సు స్టార్టయి, ఆగి, మళ్లీ స్టార్టయింది. ఆయన ఆ చివరి వాక్యం మీద వేలు పెట్టి అలాగే ఉంచాడు.

"రోజూ నా బస్సులోనే వచ్చేది సార్. నా వెనక మూడో సీటు. అద్దంలో కనబడుతూనే ఉండేది. నేను రోడ్డు చూసేవాణ్ణి." కళ్లద్దాలు తీసేశాడు. "మిమ్మల్ని క్షమించాననాలంటే నోరు రావట్లేదు."

"అది అడగడానికి రాలేదండీ."

"మరెందుకొచ్చారు?"

"మీ దగ్గర దాచిపెట్టి ఇంకో బ్యాచ్ పిల్లల ముందు నిలబడలేను."

ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇది ఇంట్లో వాళ్లమ్మకి చూపించాలా వద్దా అని తనలో తనే అనుకున్నాడు. తలెత్తాడు.

"కొత్త పిల్లలొస్తున్నారంటున్నారు. మరి వాళ్లవి ఎవరు చదువుతారు?"

రాజీనామా ఉత్తరం ఆ పూటే ఆఫీసులో ఇచ్చేద్దామని జేబులో పెట్టుకొచ్చాడు తాళాల సార్.

"నేను చదువుతాను," అన్నాడు. అనేశాకే తెలిసింది, తను ఎక్కడికీ వెళ్లడం లేదని.

తిన్నగా స్టాఫ్‌రూముకి వెళ్లాడు. అందరూ చూస్తుండగా గాలివాన టేబుల్ ముందు నిలబడ్డాడు.

"మేడం, మూడ్ షీటు పెడదాం. మొదటి రోజే. కానీ చివరి గంటలో. అదే రోజు సాయంత్రం చదవాలి, కోడ్ నంబర్లు వద్దు, పేర్లుండాలి. ఎవరు చదువుతారో పిల్లలకి ముందే చెప్పాలి. ఇష్టం లేనివాళ్లు ఖాళీగా ఇవ్వొచ్చు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "డిపోకి వెళ్లారా?"

"వెళ్లాను."

ఆమె ముసాయిదా ముందుకు లాక్కుంది. "పేరుంటే నిజం రాస్తారంటారా?" అంది.

"చదువుతారని తెలిస్తే రాస్తారు. మనం నమ్మించాల్సింది ఆ ఒక్కటే."

"మరి చదివేదెవరు?"

"మనిద్దరం," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పక్క టేబుల్ లెక్కల సార్ పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

హెడ్ మేడం మాత్రం ససేమిరా అంది. పేర్లు ఎందుకంది, ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదంది. కిందటేడు ఏ పేరూ లేదు, ఎవరి బాధ్యతా లేదు, అయినా జరిగింది కదండీ అన్నాడు తాళాల సార్. ఆ గదిలో అతను గొంతు పెంచడం అదే మొదలు. బాధ్యత నాది అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. దాని కింద గాలివాన కూడా సంతకం చేసింది. కాంట్రాక్టు ఉద్యోగం, ఆలోచించుకో అని హెడ్ మేడం హెచ్చరించినా పెన్ను ఆపలేదు. చివరికి ఆవిడ ఒక్క ఏడాది చూద్దామని విసుక్కుంటూ ఆమోదించింది.

*

మొదటి రోజు చివరి గంట. అరవై ఒక్క మంది.

తాళాల సార్ పెన్సిళ్లు తనే చెక్కి తెచ్చాడు. బల్లబల్లకీ పెట్టాడు. తర్వాత ముందుకొచ్చి నిలబడి, ఆ అమ్మాయి పేరు చెప్పకుండా జరిగింది జరిగినట్టు చెప్పాడు. తండ్రిని అడిగే చెప్పాడు. రెండుసార్లు వాక్యం మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. గాలివాన తలుపు దగ్గరే నిలబడింది, సాయానికి రాలేదు. అతనే చెప్పాలని ఆమెకు తెలుసు.

"ఇవి ఈ సాయంత్రమే చదువుతాం," అన్నాడు చివరికి. "మేడం, నేను. ఇంకెవరూ కాదు. ఎవరి గురించైనా భయమేస్తే, మీతో చెప్పకుండా ఏమీ చేయం. కానీ చూసీ చూడనట్టు మాత్రం ఉండం."

నాలుగింటికి గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో కాగితాల కట్ట. ఒకళ్లు చదివి ఇంకొకళ్లకి ఇవ్వడం. కొందరు హాస్టల్ బెంగ రాశారు, కొందరు ఖాళీగా ఇచ్చారు, ఒకడు క్యాంటీన్ టీ బాగా లేదని రాశాడు.

ఇరవయ్యో షీటు దగ్గర తాళాల సార్ ఆగిపోయాడు. చేతిరాత బాగా తెలిసినదే. 'ఈ వారం నాకు దిగులుగా ఉంది' అన్నదానికి మూడు. 'రాబోయే రోజుల మీద నాకు ఆశ లేదు' అన్నదానికి సున్నా. చివరి గీత మీద ఇలా ఉంది: "ఆ ఉత్తరం చించేశారో లేదో తెలీదు, అదే నా దిగులు. ఈ కాగితాలు చదివే ఆయనంటే నాకు ఇష్టం. ఆయనతో రోజూ బస్సెక్కాలని ఉంది. ఇదీ ఈ రోజే చదవాలి, రూలు రూలే."

తలెత్తాడు. ఆమె కాగితంలోంచి తల ఎత్తలేదు. చెవి రింగు మాత్రం ఊగుతోంది.

"మేడం..."

"ముందు అన్నీ చదవండి సార్."

చదివాడు. గుండె దడదడలాడుతుంటే అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. అయినా ఒక్కోటీ రెండేసి సార్లు చదివాడు. నలభై మూడో షీటు ఆమె చదివి, అతని వైపు జరిపింది. అంకెలు చూడగానే అతని దడ కాస్తా ఆగిపోయింది. పద్దెనిమిదింటికి మూడు. ఆత్రంగా చుట్టినట్టు వంకర గీతలు. చివరి గీత మీద ఏమీ లేదు. రాయబోయి చెరిపేసిన మరక మాత్రం ఉంది.

ఇద్దరూ ఒకేసారి లేచారు. మిగిలిన కట్ట సంచిలో పెట్టుకుని వెళ్లారు.

అమ్మాయిల హాస్టల్ ముందుగదిలో వార్డెన్ కబురుపెట్టింది. అయిదు నిమిషాలకు సన్నగా, రేగిన జుట్టుతో ఒక పిల్ల మెట్లు దిగి వచ్చింది. వాళ్ల చేతిలో తన కాగితం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అప్పుడే చదివేశారా?"

"చదివామమ్మా," అన్నాడు తాళాల సార్.

ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయి, భోరుమంది. గాలివాన వెళ్లి దగ్గరికి తీసుకుంది. కబురుపెట్టిన కౌన్సెలర్ వచ్చేదాకా, ఆ పిల్లే ఒప్పుకుని ఫోన్ చేయిస్తే పక్క వీధిలోని పిన్ని పరిగెత్తుకొచ్చేదాకా, ఇద్దరూ అక్కడే ఉన్నారు. మిగిలిన పందొమ్మిది షీట్లూ ఆ ముందుగదిలోనే చదివి ముగించారు.

బయటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. సన్నగా తుంపర. కాలేజీ ముందు బస్సు ఆగి ఉంది.

"నా షీటుకి మార్కులు?" అంది ఆమె, రోడ్డు వైపు చూస్తూ.

అతను జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. రాజీనామా ఉత్తరం. తిప్పి చూస్తే వెనకవైపు ఎర్రసిరాతో రెండో రోజు టైమ్‌టేబుల్ ఉంది. మూడో రోజుది, నాలుగో రోజుది కూడా ఉన్నాయి.

"చించలేదు. రఫ్ పేపర్‌కి పనికొస్తుందని," అన్నాడు. "మీరంటే నాకూ ఇష్టం. ఎప్పుడో చెప్పాల్సింది. ఆలస్యం చేయడం నాకు..."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఈసారి వదల్లేదు.

బస్సెక్కారు. డ్రైవరు ఇద్దర్నీ చూశాడు, పట్టుకున్న చేతుల్నీ చూశాడు.

"అన్నీ చదివారా సార్?"

"అన్నీ చదివామండీ."

ఆయన చొక్కా జేబు ఒకసారి తడుముకున్నాడు. తర్వాత చెయ్యి చాచి, తల మీది అద్దాన్ని కిందికి వంచి, వెనక సీట్లన్నీ కనబడేలా సర్దుకున్నాడు.

"ఇక మీదట ఈయన్ని వానలో నడవనివ్వకమ్మా," అని బస్సు కదిలించాడు.